అడవికి పట్టుకెళ్ళాల్సిన వాక్యం

వాక్యాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, మూతకి మేకుతో చిల్లులు పొడుస్తున్నాను. గాలి ఆడకపోతే సాయంత్రానికల్లా చచ్చిపోతుంది. డబ్బా అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి కాబట్టి కింద పాత తువ్వాలు పరిచాను.

నిన్న మధ్యాహ్నం కంచం కడుక్కుంటుంటే కుళాయిలోంచి పడింది. చాలా ఏళ్ళ తరవాత నాకంటూ దొరికిన వాక్యం ఇదొక్కటే. "వరాలు గోదారిలోంచి తిరిగొచ్చేసరికి ఇంట్లో అందరం అన్నాలు తింటున్నాం." అరచేతిలో పెట్టుకుంటే బురద వాసన వేస్తోంది, సన్నగా వణుకుతోంది.

వరాలు మా చెల్లి. ఏడేళ్ళ పిల్ల, గోదారికి వెళ్ళి రాలేదు. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. లోకంలో అందరి చెల్లెళ్ళ గురించీ రాశాను, పేరు తెచ్చుకున్నాను, మా చెల్లి గురించి మాత్రం ఒక్క ముక్క రాలేదు నాకు. వచ్చి గుమ్మంలో నిలబడి వరాలు ఏమంది అన్నది రెండో వాక్యంలో ఉంటుంది. అది ఈ ఇంట్లో రాదట. మారేడుమిల్లి అడవిలో, వాగు పక్కన గుడారం వేసుకుని, మొదటి వాక్యాన్ని తడి ఆరకుండా చూసుకుంటూ కూర్చుంటే వస్తుందట. ఈ సంగతి వాక్యమే నాకు చెప్పింది.

అందుకని సంచి సర్దుకుంటున్నాను. మా ఆవిడ హైమవతి స్టూలెక్కి అటక మీంచి సామాను అందిస్తోంది. అరువు తెచ్చిన గుడారం, నైలాను తాడు, టార్చిలైటు, అగ్గిపెట్టె, అటుకులు. ఏది దగ్గరికి తీసుకెళ్ళినా సంచి దానంతట అదే నోరు తెరిచి పుచ్చుకుంటోంది. బస్సు మధ్యాహ్నం.

"రాత్రిళ్ళు చలేస్తుంది. రగ్గేదీ?" అంటాను.

"మనింట్లో రగ్గెక్కడిదండీ బాబూ? శాలువాలున్నాయిగా," అంటుంది హైమ.

నిజమే. రచయితని కదా, శాలువాలకేం కొదవ. బీరువా తలుపు తీసి లోపలికి నడుస్తాను. ఈమధ్య బీరువా పొడుగవుతోంది. రెండు పక్కలా కప్పుదాకా శాలువాలు, ప్లాస్టిక్ కవర్లు విప్పనైనా విప్పలేదు. తణుకు సన్మానం దాటి, తెనాలి సన్మానం దాటి, అమలాపురం దగ్గర కాస్త కూర్చుని అలుపు తీర్చుకుని మళ్ళీ నడుస్తాను. మలుపులో ఊదారంగు శాలువా ఒకటి నన్ను గుర్తుపట్టి కుచ్చులు ఊపుతుంది. దాన్ని నేను ఒకాయనకి కప్పితే, ఆయన ఇంకొకాయనకి కప్పి, ఆ ఇంకొకాయన సభలో నాకే కప్పాడు. అంచు మీద నా టీ మరక అలాగే ఉంది.

వీటిల్లో ఏ ఒక్కటీ ఇంతవరకూ ఎవరి చలీ ఆపలేదు. పది కప్పుకున్నా పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. చలి కోసం నేసినవి కావు, ఫొటో కోసం నేసినవి. తెలిసే ఊదారంగుది చంకన పెట్టుకుని వెనక్కి వస్తాను, ఇంట్లో ఇంకేమీ లేదు కనక.

గదిలోకి తెచ్చి విప్పగానే మడతలోంచి భీమశంకరం గారు దిగుతారు. మా ఊరి సాహితీ సంస్థకి అధ్యక్షులు. పంచె, కండువా, జేబులో కళ్ళజోడు, నుదుటి మీద మాత్రం అడ్డంగా మడత పడిన గీత. మంచం మీద కూర్చుని సంచి వంక చూస్తారు.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"అడవికండి. గుడారంలో ఉండి రాసుకుందామని."

"అక్కడ సభేమైనా పెట్టారా?"

"లేదండి."

"సభ లేని చోటికి రచయిత వెళ్తే దాన్ని ప్రయాణం అనరండి, పారిపోవడం అంటారు," అంటారాయన ఎంతో ఆప్యాయంగా. అంతలో డబ్బాలోంచి చుక్క పడిన చప్పుడు వింటారు. "అందులో ఏమిటి?"

"పులిహోరండి."

"పులిహోర ఊపిరి తీసుకోదు కదండీ," అని మూత తీస్తారు.

వాక్యం తలెత్తి ఆయన్ని చూస్తుంది. ఆయన చదువుతారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. దొంగ ఏడుపయితే మెడ పట్టి గెంటేసేవాణ్ణి.

"అద్భుతం! దీనికి సన్మానం చెయ్యకపోతే మనం మనుషులమే కాదు."

"రెండోది ఇంకా రాలేదండి. అది వచ్చాక చూద్దాం."

"రానివ్వండి. దానికి వేరే సభ పెడదాం. పాపం, వణికిపోతోంది చూడండి," అంటూ ఊదారంగు శాలువా తీసి వాక్యానికి కప్పుతారు.

కప్పగానే గది సాగుతుంది. గోడల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు వరసలు వరసలుగా బయటికొస్తాయి, మంచం వేదికవుతుంది. బీరువాలో మిగతా మడతలన్నీ విప్పుకుని వక్తలు దిగుతారు. ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి, ఈ వాక్యం వింటే తమ చిన్నతనం గుర్తొచ్చిందని చెప్పి, తమ చిన్నతనం అంతా చెప్పి, వాక్యానికి ఒక శాలువా కప్పి కూర్చుంటారు. వరాలు ఎవరని ఒక్కరూ అడగరు.

"దాన్ని కప్పకండి. అది తడిగానే ఉండాలి. ఆ తడి మా చెల్లిది," అని అరుస్తాను. "బాగా సెలవిచ్చారు," అంటారు. చప్పట్లు కొడతారు.

"ఏవండీ, బస్సుకి వేళవుతోందండీ," అని హైమ ఆ కుప్ప మీదపడి శాలువాలు లాగేస్తుంటుంది. హైమకి ఉన్న తెలివి నాకు లేకపోయింది, నేనింకా బతిమాలుతూ నిలబడ్డాను. నిర్వాహకులు వచ్చి ఆమె చేతులు మర్యాదగా పట్టుకుంటారు. ఆయన ఇంతవాడు కావడానికి మీరే కారణమమ్మా అని ఆమెకీ ఒకటి కప్పి ముందువరసలో కూర్చోబెడతారు. కప్పాక ఆమె లేవలేకపోతుంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తుంటుంది.

చివరి వక్త కూర్చున్నాక నేను కుప్ప తవ్వుతాను. డబ్బా దొరుకుతుంది. కింద తువ్వాలు చుక్క తడి లేకుండా ఉంది. వాక్యం డబ్బాలో వెల్లకిలా పడుంది, ఎండలో మరిచిపోయిన అప్పడంలా. బురద వాసన పోయి కలరా ఉండల వాసన వస్తోంది. అక్షరాలన్నీ ఉన్నాయి. గోదారి లేదు. వేలు తగలగానే పొడైపోతుంది.

ఏడుపొస్తుంది నాకు. కన్నీళ్ళు పడితే కాస్తయినా తడుస్తుందేమోనని డబ్బా మీదికి వంగుతాను. చుక్క రాలేలోపే భీమశంకరం గారు శాలువా చెంగుతో నా కళ్ళు తుడిచేస్తారు. "ఆనందబాష్పాలు," అని మైకులో చెప్తారు.

బయట బస్సు హారను మోగుతుంది. సంచి జిప్పు దానంతట అదే మూసుకుంటుంది. గుడారం, తాడు, అటుకులు వీపున వేసుకుని మెట్లు దిగిపోతుంది. కండక్టరు దానికి కిటికీ పక్క సీటిస్తాడు. "ఆగండి, నేనూ రావాలి!" అని పరిగెత్తబోతాను. పాదాలు లేవు, వాటి చోట కుచ్చులున్నాయి. ఎప్పటినుంచి ఉన్నాయో మరి.

కుర్చీలు గోడల్లోకి వెళ్ళిపోతాయి. ఇప్పుడు హైమ లేవగలుగుతుంది. నా దగ్గరికొచ్చి అంచు పట్టుకుని చూస్తుంది, నేత మంచిదో కాదో చూసినట్టు. తరవాత ఆమె రెండు కొసలు, భీమశంకరం గారు రెండు కొసలు పట్టుకుంటారు. దుప్పటి దులిపినట్టు ఒకసారి దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి నన్ను మడుస్తారు.

"హైమా, నేనే," అంటాను.

"తెలుసండీ. కదలకండి, మడత నలుగుతుంది," అంటుంది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. అయినా మడత మాత్రం తిన్నగానే వేస్తుంది.

కవరులో ఊపిరాడుతుంది, కానీ తీసుకోవాలని అనిపించదు. పక్కనున్న ఊదారంగుది పలకరిస్తుంది. అది ఒకప్పుడు కథలు రాసేదట.

ఎవరో కవరు చింపుతారు. వెలుతురు, మైకు, పూలదండ వాసన. నన్ను విప్పి ఒక అమ్మాయి భుజాల మీద వేస్తారు. పేరు రత్నమేరీ అని మైకులో చెప్తున్నారు. మొదటి కథ ఇంకా సగమే రాసిందట, అదే ఈ సభకి కారణమట. సన్నటి మెడ. ఆ మెడ కింద ఏదో చిన్నది, తడిగా, వణుకుతోంది. ఆ వణుకు నాకు బాగా తెలుసు.

"సార్, కాసేపు తీసేస్తారా? ఊపిరాడట్లేదండి," అంటుంది మెల్లగా.

"ఫొటో అయిపోనీ తల్లీ," అంటారు భీమశంకరం గారు.

హాల్లో చివరి వరసలో తడి గౌనుతో ఒక పిల్ల కూర్చుని ఉంది. కుర్చీ కింద నీళ్ళ మడుగు. నన్ను చూస్తుంది. లేచి నిలబడి, నోరు తెరిచి, నేను ఇన్నేళ్ళూ కాచుకున్న ఆ ఒక్క మాటా అంటుంది. సరిగ్గా అప్పుడే అందరూ చప్పట్లు కొడతారు. పెదవులు కదలడం కనపడుతుంది, అంతే.

నేను జారిపోవాలని చూస్తాను. ఒక భుజం మీంచి దాదాపు జారతాను కూడా. భీమశంకరం గారు చిరునవ్వుతో నన్ను పైకి లాగి, మెడ చుట్టూ బిగించి సర్దుతారు. అమ్మాయి మెడ దగ్గర తడి నాకు తగులుతుంది. చల్లగా, బురద వాసనతో. వద్దు వద్దనుకుంటూనే పీల్చుకోవడం మొదలుపెడతాను.