పీతల ప్రయాణం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, అందుకే నెమ్మదిగా రాస్తాను.

కలిదిండిలో రత్నాంబ పని చెరువు పీతల ముందుకాళ్లు తాడుతో కట్టి, తడిగోనె కప్పి, థర్మాకోల్ పెట్టెల్లో సర్దడం. అవి చెన్నైలో విమానం ఎక్కి ప్రాణాలతో సింగపూరు చేరాలి. చచ్చినవి వెళితే అక్కడివాళ్లు మళ్లీ సరుకు తీసుకోరు, రత్నాంబకు పనీ ఉండదు.

ఆ పొద్దున సరుకు వెళ్లే విమానం కాగితం తనే కూడబలుక్కుని చదివింది. రాత్రి పదకొండుకు బయల్దేరి, తెల్లవారి ఆరుకు దిగుతుందట. ఏడు గంటలు! ఎండిపోతాయేమోనని పెట్టెకు రెండేసి చెంబుల నీళ్లు పోసి వ్యాను ఎక్కించింది.

మధ్యాహ్నం వచ్చిన, సరుకు పంపే ఏజెంటు కామరాజుకు ఆ మాటే గొప్పగా చెప్పింది.

"ఏడేంటి పిన్నిగారూ, నాలుగున్నరే! వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందండి. అయినా నీళ్లు నిలిస్తే పీతకి ఊపిరాడదు కదండీ!"

రత్నాంబ వెంటనే డ్రైవరుకి ఫోన్ చెయ్యమంది. కామరాజు ఫోన్ చేసేసరికి వ్యాను ఒంగోలు దాటింది. డ్రైవరు ఆపి, నీళ్లు వంచేసి చూశాడు. రెండు పెట్టెల్లో ఒక్కటీ కదలడం లేదు.

"ఆ రెండూ విమానం ఎక్కించొద్దని చెప్పండి బాబూ."

"ఓనరుగారు ఎందుకని అడుగుతారు. డ్రైవరు తప్పని చెప్పెయ్యనా?"

"వద్దండీ. నీళ్లు పోసింది నేనే. నా పేరే చెప్పండి."

ఇది రాసింది ఆ రత్నాంబనే, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది తాడేపల్లిగూడెంలో.