ఖాళీ అర్రలో గంట

ఆదివారం పొద్దున చాయ్ తాగగానే కోమల స్కూటీ తీసేది. కాళ్ల దగ్గరి జాగాలో చిన్న హల్డా టైపు మిషన్ను కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా తువ్వాల కప్పేది. వారమంతా మీసేవలో కంప్యూటర్ ముందు వంగిన నడుము ఆ ఒక్క పూట నొప్పిని మరిచిపోయేది.

దగ్గరలో ఎక్కడైనా పాత టైపు మిషన్ ఉంటే హల్డా తనంతట తానే గంట కొట్టేది. నల్గొండలో అదేమంత వింత కాదు. సిగ్నల్ దగ్గర టింగుమంటే ఆటోవాళ్లే పక్కకు జరిగి, "గా పాత లాడ్జి సందుల చూడు అక్కా" అనేవాళ్లు. అట్లా పది దొరికాయి. ఒకటి వకీలు ఇంటి అటక మీద. ఒకటి మూతబడ్డ టాకీసు టికెట్ల గదిలో. ఇంకొకదాని మీద కోడి పొదుగుతుంటే, పిల్లలయ్యేదాకా మూడు వారాలు ఆగి తెచ్చుకుంది.

ఆ ఆదివారం కట్టంగూర్‌లో పాత సామాన్ల దుకాణం ముందు గంట మోగింది.

"వచ్చినవా అక్కా? నీ గంట హైవే మీదికెళ్లే ఇనబడ్డది" అన్నాడు దుకాణం నడిపే జానీ.

"ఏడ దాచినవ్ భాయ్?"

"దాసుడేంది! కూలర్ కింద పడున్నది. తక్కెట్ల ఎయ్యబోతే సంటిపిల్లను ఏసినట్టు సూస్తవ్."

అది గోద్రెజ్ మిషన్. కోమల దుమ్ము ఊది ఒక మీట నొక్కింది. టక్. ఆ చప్పుడుకు ఆమె ముఖమంతా నవ్వయింది.

పద్మానగర్‌లో ఇల్లు చేరి ముందర అర్రలో అడుగుపెట్టగానే హల్డా మళ్లీ మోగింది. ఎప్పుడూ మోగేదే. లోపలున్న తోటి మిషన్లను పలకరిస్తుందని అందరి లెక్క. "వచ్చినవా తల్లీ" అని లీలమ్మ కూతురికంటే ముందు హల్డానే పలకరించేది. తండ్రి గండయ్య మాత్రం గంట మోగితే చాలు, చెప్పులేసుకొని బయటికి పోయేవాడు.

ఈసారి పోలేదు. "శనివారం జానీ ఆటో వస్తది. గీ ఇనుమంత ఏసి పంపియ్యి. అర్రల సోఫా ఎయ్యాలె. నలుగురొస్తే కూసునే జాగ లేదు."

"నలుగురొచ్చి ఎన్నేండ్లయింది బాపు? గీ పదకొండు మందన్న రోజు ఉంటుండ్రు."

"నోరు! కాలేజిల వాదన పోటీల కప్పులన్ని నీ నోటికే ఇచ్చిండ్రు."

"అమ్మా, నువ్వన్న చెప్పు!"

"నా మిషనే ఆగలేదు ఈ ఇంట్ల" అంది లీలమ్మ. "నీయి ఆగుతయా?"

ఆ కథ వాడకట్టంతా ఎరిగినదే. కోమల పుట్టకముందు లీలమ్మ నందికొండ డ్యాం ఆఫీసులో టైపిస్టు కొలువుకు అర్జీ పెట్టుకుంది. పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే మోసుకపోవాలె. అన్న కొనిచ్చిన తెలుగు రెమింగ్టన్ సరిగ్గా వారం ముందు ఇంట్లోంచి మాయమైంది. మిషన్ లేదు, పరీక్ష లేదు, కొలువు లేదు. ఇరవై మూడేండ్లుగా ఆ దొంగను ఆమె పేరు తెలియకుండానే తిడుతున్నది.

శనివారం జానీ తల వంచుకొనే పదకొండింటినీ ఆటోకెక్కించి తీసుకుపోయాడు. కోమల హల్డాను మాత్రం ఒడిలో పెట్టుకొని, ఖాళీ అర్ర నడుమ మొండిగా కూర్చుంది.

టింగ్.

ముగ్గురూ విన్నారు. టింగ్. టింగ్.

"అన్నీ పోయినయ్ గద" అంది లీలమ్మ. "మరి ఎవల్ని పిలుస్తాంది?"

కోమల తండ్రి వైపు చూసింది. హల్డాను ఆయన కాళ్ల ముందు పెట్టింది.

గండయ్యే లేచాడు. పెరట్లోంచి గడ్డపార తెచ్చి, అర్ర మూలన, నేత మానినప్పుడు తను పూడ్చేసిన మగ్గం గుంట మీద పోటు వేశాడు. రెండు మూరల లోతున మైనం గుడ్డ చుట్టిన గోనె బయటపడింది. అందులో రెమింగ్టన్.

లీలమ్మ దాని ముందు కూర్చుంది. కొంగుతో మీటల మీది మన్ను తుడిచి, "దొంగ దొరికిండు" అంది.

"నందికొండ పోతే మళ్ల రావనుకున్న లీలా."

"నన్ను అడిగినవా?"

"అడుగలే."

కిరోసిన్‌తో కడిగి నూనె పట్టించడానికి కోమలకు నాలుగు రోజులు పట్టింది. అయిదో నాడు లీలమ్మ తలంటుకొని, ఉతికిన చీర కట్టుకొని, తెల్ల కాగితం ఎక్కించి ఒక్కో అక్షరం కొట్టింది: 'ఈ రోజు ఉదయం నేను టైపిస్టుగా విధుల్లో చేరినాను.' ఆ కాగితం మొగుడి ముందు పెట్టింది.

"అందినట్టు సంతకం పెట్టు."

గండయ్య పెట్టాడు.

సాయంత్రం జానీ ఆటో వచ్చింది, పదకొండూ ఉన్నాయి. "తక్కెడ ఖరాబైందక్కా" అన్నాడు, ఎటో చూస్తూ.

ఇప్పుడు ముందర అర్రలో లోయర్, హయ్యర్ టైపు పరీక్షలకు పిల్లలు వస్తారు. నేర్పేది లీలమ్మ. ఇన్ని మిషన్లున్నా హల్డా ఇంట్లో మోగడం మానేసింది. బజారులో రిబ్బన్లు దొరకవు కాబట్టి గండయ్య అదే గుంటలో మగ్గం దించి అర అంగుళం పట్టీ నేసి సిరాలో నానబెడతాడు. పిల్లల కాగితాల మీద అక్షరం పలచబడితే మిషన్ల చప్పుడును దాటుకొని లీలమ్మ కేక వినబడుతుంది:

"ఓ దొంగా, ఇంకో గజం నెయ్యి!"