అమ్మ భుజాలకు దాచిన ఊలు

“ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కుళాయి బాగుచేసేవాడు వస్తే కాస్త దగ్గరుండి చూసుకో” అన్నాడు మా ఆయన, వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ. పెళ్లయి నెల కూడా కాలేదు. ఆ మాటలో ముల్లుందని నాకప్పుడు తట్టనే లేదు. అతని మెడ వెనక జుట్టులో చిన్న సుడి ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోతూ తలూపాను. ఆ రోజుల్లో నాకు అన్నీ మురిపెంగానే ఉండేవి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు, గుమ్మం దగ్గర నా చెప్పుల మీదికెక్కి పడుకున్న అతని చెప్పులు, మధ్యాహ్నం ఆఫీసులో అతను అన్నం డబ్బా మూత తీస్తే లోపల నా ఊలు పోగు. “మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను, ఇంట్లో గొర్రెను పెంచుతున్నానని” అనేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

నేను నేత బొమ్మలు నేస్తాను. గోడకు వేలాడదీసేవి. నిలువు దారాల పడుగు బిగించిన చెక్క మగ్గం ముందు కూర్చుని, రంగురంగుల ఊలును అడ్డంగా పేకగా పోనిస్తూ, బొమ్మను కిందినుంచి పైకి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతాను. చదువుకున్నది అదే, చేతనైనదీ అదే. ఈ ఇంట్లో బాల్కనీ పక్క గది నాదన్నారు. మగ్గం వచ్చిన వారానికే దాని పక్కకు ఇస్త్రీ బల్ల వచ్చింది. మాతో కొన్నాళ్లుందామని అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడ పెట్టె కూడా ఆ గదిలోకే చేరింది. ఆ తర్వాత మగ్గం మీదే తువ్వాళ్లు ఆరాయి. “కర్ర గట్టిదమ్మాయ్, గాలి కూడా బాగా తగులుతోంది” అని అత్తయ్య మెచ్చుకుంది. నేను పనిలో కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు తలుపులోంచి తొంగిచూసి “ఖాళీగానే ఉన్నావా?” అనేవారు. రెండు చేతుల నిండా ఊలు, పళ్ల మధ్య దారం పెట్టుకుని కూర్చున్న మనిషిని ఖాళీగా ఉన్నావా అని అడగడానికి వాళ్లకెంత తీరిక ఉండాలి!

అప్పుడు నేస్తున్నది అమ్మను. నా పెళ్లికి ముందు ఏడాదే అమ్మ పోయింది. ఆమె ముఖం నేయాలనిపించలేదు. నాకు బాగా గుర్తున్నది అమ్మ వీపు. పొద్దున్నే వంటగది కిటికీ ముందు నిలబడి, మా డబ్బాలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే “లేచావా? పళ్లు తోముకున్నావా?” అని అడిగే వీపు. దాని మీద ఎప్పుడూ ఒక ముదురాకుపచ్చ స్వెటరు. తనే అల్లుకున్నది, మోచేతుల దగ్గర అతుకులు పడ్డది. బొమ్మలో ఆ భుజాలకు ఇంకే ఊలూ కుదరదనిపించి ఆ స్వెటరునే విప్పేశాను. విప్పుతున్నంతసేపూ ఏడ్చాను. “ఒక్క గుర్తు మిగిలింది, దాన్నీ పీకి పోగులు పెట్టావా?” అని అన్నయ్య నాతో మాటలు మానేశాడు. విప్పిన ఊలు ఏళ్ల తరబడి అలవాటైన వంకరను అంత తేలిగ్గా వదలదు. గోరువెచ్చటి నీళ్లలో తడిపి, చిలపలుగా, అంటే పొడుగాటి చుట్టలుగా చుట్టి, కింద నీళ్ల సీసాలు బరువు కట్టి వేలాడదీయాలి. అలా వేలాడదీసి, నడుము దాకా నేసిన అమ్మను మగ్గం మీదే ఉంచి, వేరే ఊరి కాలేజీలో రెండు వారాలు నేత నేర్పడానికి వెళ్లాను. నెలాఖరుకు బొమ్మ గ్యాలరీకి చేరాలి. పెద్ద గోడ మొత్తం నాకే ఇస్తామన్నారు. ఇంత గోడ నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

తిరిగొచ్చిన రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. తలుపు తీసింది మా ఆయనే. సంచి కింద పడేసి, కళ్లు మూసుకుని మెడ చుట్టూ చేతులు వేశాను. చెంపకు ఏదో గరుగ్గా తగిలింది. ఆ గరుకును నాకంటే ముందు నా ఒళ్లు గుర్తుపట్టింది.

“ఎలా ఉన్నాను?” అని గిర్రున తిరిగాడు.

ముదురాకుపచ్చ స్వెటరు. బాగున్నాడు. అదే నా ఏడుపు. ఆ రంగు అతనికి ఎంత నప్పిందంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు కాసేపు పట్టింది.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. “ఉతికి ఆరేసి మర్చిపోయి వెళ్లావమ్మాయ్! పిచ్చిపిల్ల, పాత ఊలు పారేయడానికి మనసొప్పలేదేమో అనుకున్నా. ఆ సీసాలెందుకు కట్టావు, పిల్లి ఆడుకోవడానికా? మనింట్లో పిల్లే లేదే! నేను అల్లిక సూదులు పట్టి ఎన్నేళ్లయిందో. అయినా చేతులు మర్చిపోలేదు చూడు!”

“అది మా అమ్మ అల్లుకున్న స్వెటరు విప్పిన ఊలు అత్తయ్యా” అన్నాను.

“మీ అమ్మదా! ఇంకేం మరి, ఆవిడ దీవెనే అల్లుడి ఒంటిమీదికి వచ్చినట్టు” అంది.

గదిలోకి వెళ్లాక మా ఆయనకు చెప్పాను. అతను మంచం మీద కూర్చుని నిజంగానే ఆలోచించాడు. “ముందూ స్వెటరే, ఇప్పుడూ స్వెటరే. మధ్యలో నువ్వే దాన్ని దారం చేశావు. నష్టమేం జరిగింది చెప్పు?”

“నా బొమ్మకు భుజాలు లేవు.”

“అదే రంగు కొనిస్తాను, ఇంతకంటే మెత్తటిది. అమ్మ ఎంత సంబరపడుతోందో చూశావుగా. నీదేముంది, మెల్లిగా నేసుకోవచ్చు, ఎలాగూ ఇంట్లోనే...” అని ఆగాడు. ఆగినందుకు మెచ్చుకోవాలేమో. నా గడ్డం పట్టుకుని, “అయినా సాలీడూ, ఎక్కడో గోడ మీదెందుకు? నా మీదే రోజూ చూసుకోవచ్చుగా” అన్నాడు.

ఇలాంటి మాటలకే కదా నేను పడిపోయింది. అప్పుడు కూడా సగం పడిపోయాను. మిగిలిన సగం మాత్రం పడకుండా గోడకానుకుని నిలబడి లెక్క అడుగుతూనే ఉంది. అతని ఆఫీసు కాగితాల మీద ఎవరైనా కూరగాయలు తరిగితే “పోనీలే, కాగితమే కదా” అంటాడా? అత్తయ్య సంబరం అందరికీ కనపడుతుంది, నా పని ఎందుకు కనపడదు? కనపడనిదాన్ని ఎవరైనా ఎలా పాడుచేయగలరు? ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అందరూ నామీద ప్రేమగానే ఉన్నారు. ఆ ప్రేమ మధ్యలో ఇస్త్రీ బల్లలా నేనూ ఒక మూలకు జరిగి నిలబడ్డాను. అదే పరాయివాళ్లయితే గట్టిగా అరిచి ఉండేదాన్ని.

మర్నాడు భోజనానికి అత్తయ్య చెల్లెలు, ఆవిడ భర్త వచ్చారు. వండింది, వడ్డించింది, ఎంగిలి కంచాలు తీసింది నేను. మెప్పులన్నీ స్వెటరుకు వెళ్లాయి. చిన్నత్తయ్య దాని అంచు పట్టి చూసి, “అక్క అల్లితే ఒంటిమీదికి వచ్చింది. కోడలు నేస్తే గోడెక్కుతుందట! గోడకు చలేస్తుందా అమ్మాయ్?” అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు, వెంటనే నావైపు చూసి నోరు మూసుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఈ ఇంట్లో నా పనుల్లో ఒకటైపోయింది.

గిన్నెలు నానబెడుతుంటే గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసింది. “మీ గోడకు దీపాలు బిగించేస్తున్నామండీ. బొమ్మ పైభాగం ఎంత ఎత్తులో ఉంటుంది? వెలుగు తల మీద పడాలి కదా.” లైనులోనే ఉండండి, చూసి చెబుతానని నా గదిలోకి వెళ్లాను. మగ్గం మీది తువ్వాళ్లు తీశాను. బొమ్మలో కిటికీ ముందు అమ్మ నడుము దాకా నిలబడి ఉంది. ఆ పైన ఉత్త పడుగు దారాలు, వాటి సందుల్లోంచి అవతల అత్తయ్య పెట్టె. ఫోన్‌లో ఆవిడ ఇంకా లైనులోనే ఉంది. “సాయంత్రానికి చెబుతాను. బొమ్మ పూర్తిగానే వస్తుంది” అన్నాను.

హాల్లోకి వచ్చి మా ఆయన ముందు నిలబడ్డాను. “చేతులు పైకెత్తు.”

ఏదో సరసమనుకుని సిగ్గుపడుతూ ఎత్తాడు. స్వెటరు తలమీదుగా లాగేసి, కింద కూర్చుని తిరగేశాను. అల్లికను ఎక్కడ ముగిస్తే అక్కడినుంచే తెగకుండా విప్పుకురావాలి. ఆ కొసను అల్లినవాళ్లు లోపలి కుట్లలో దాచేస్తారు. అత్తయ్యది మంచి చేయి. మెడ దగ్గర వెతికాను, చంకల కింద వెతికాను, ఎక్కడా కనపడలేదు.

“ఏం చేస్తున్నావమ్మాయ్? విప్పుతున్నావా?” అత్తయ్య కుర్చీలోంచి లేచింది. “నా వేళ్లు పడిపోయేలా అల్లాను!”

“తెలుసత్తయ్యా. చాలా బాగా అల్లారు.”

“ఊరుకో, ఇప్పుడెందుకిది?” అన్నాడు మా ఆయన బనీనులో నిలబడి.

“దాన్ని అడుగుతావేంట్రా!” అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. “కన్నతల్లి చేత్తో అల్లుకున్నదాన్నే విప్పిపారేసిన పిల్ల. దీనికి నాదొక లెక్కా!”

నేను కాపురానికి వచ్చాక నా పని గురించి ఈ ఇంట్లో ఎవరైనా అన్న మొదటి నిజం అదే.

“అవునత్తయ్యా, మా అమ్మదే విప్పాను” అన్నాను. “చివరి ముడి ఎక్కడ వేశారో చూపిస్తారా, కత్తెర తెచ్చుకోమంటారా?”