బీరువాల్లో దుప్పట్లు

మా ఆసుపత్రిలో దుప్పట్లకు కొరత లేదు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఎవరూ నమ్మరు. ఉతికినవి ఆలస్యంగా వస్తాయని ప్రతి వార్డూ కొన్ని దాచుకుంటుంది. దాచేకొద్దీ మాకు ఉతకడానికి వచ్చేవి తగ్గుతాయి, మేం పైకి పంపేవీ తగ్గుతాయి. దాంతో భయం పెరిగి ఇంకొన్ని దాస్తారు. తిట్లు మాత్రం లాండ్రీకి. ఆ లాండ్రీకి పెద్దదిక్కుని నేనే.

కిందటి నెల సూపరింటెండెంటు బీరువాలు సోదా చేయించాడు. వార్డులవాళ్లు సోదా అయ్యేదాకా వాటిని పరుపుల కింద దాచడం నేర్చుకున్నారు. ఈరోజు ఏ మంచానికి దుప్పటి అందకపోయినా లాండ్రీ పని బయటివాళ్లకు ఇచ్చేస్తానని తేల్చేశాడు. అంటే మేమంతా ఇంటికే.

పిల్లల వార్డు హెడ్ నర్సు మా సొంత అక్క. పొద్దున్నే వెళ్లి ఆవిడ గదిలో గచ్చు మీద సుద్దతో ఈ భయం, దాపరికం, కొరతల చక్రం గీసి చూపించాను.

“దీన్ని భయం దగ్గరే తెగ్గొట్టాలక్కా. అడక్కముందే గంటగంటకీ కాసిని పంపుతాను. మొదలెట్టడానికి నీ బీరువాలో దాచినవి కావాలి.”

“పసివాడు పక్క తడిపితే నీ చక్రం పరవనా?”

“నువ్వే ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?”

అక్క తాళంచెవి నా మీదికి విసిరింది. “మాట తప్పావో, చెల్లెలివని కూడా చూడను.”

మధ్యాహ్నం దాకా బళ్లు అన్ని వార్డులకీ ఠంచనుగా తిరిగాయి. అప్పుడు ఆరబెట్టే మిషన్ ఆగింది. అంతలో అక్క ఫోను.

“ఇద్దరు తడిపారు. బీరువా ఖాళీ. సూపరింటెండెంటు మెట్లెక్కుతున్నాడు.”

ఉత్తచేతులతో పరుగెత్తాను. వెళ్లేసరికి రెండు మంచాల మీదా తెల్లటి దుప్పట్లు. సూపరింటెండెంటు మంచాలన్నీ చూసుకుని వెళ్లిపోయాడు.

“పక్క వార్డావిడ ఇచ్చింది,” అంది అక్క. ఆవిడ ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలని మనిషి. “పొద్దుట్నుంచీ అడక్కుండానే వస్తున్నాయిగా, దాచుకుని ఏం చేసుకోను అందే!”

కిందికి వచ్చాను. మిషన్ ఇంకా కదల్లేదు, సాయంత్రం దాకా బళ్లలో వేయడానికి ఏమీ లేదు. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే పై వార్డుల నుంచి మాసినబట్టలు జారే గొట్టంలోంచి ఒక మూట దభీమని పడింది. విప్పితే మడత నలగని దుప్పట్లు, కలరా ఉండల వాసన. దాని మీద ఇంకో మూట. ఆ పైన మరొకటి, వేరే వార్డుది.

మావాళ్లు వాటిని అలవాటుగా ఉతికే మిషన్ వైపు ఈడ్చుకెళ్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఉతక్కండే,” అన్నాను. “అలాగే బండికెత్తండి.”