పిల్లను ఇంట్లోకి తెచ్చుకున్నదెవరు

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. అందుకే ఇంగ్లీషులో మాట ఎంత బరువుగా ఉంటే అంత గౌరవమని నమ్మేదాన్ని. మా కొండల దేశంలో, నారిన్ పట్నంలోని పిల్లల ఆశ్రమంలో అనువాదాలు చేసే ఉద్యోగం. ఐజిరెక్ అనే పిల్ల కాగితంలో ఆ నమ్మకమే నాచేత తప్పు చేయించింది.

ఐజిరెక్‌కు తొమ్మిదేళ్ళు. తల్లి రష్యాకు పనికి వెళ్ళి అక్కడే చనిపోయింది. పొరుగింటి పెద్దావిడ ఊల్‌కాన్ అపా పిల్లను తన దగ్గరికి తెచ్చుకుని ఆరు నెలలైంది. పిల్ల అక్కడే ఉండాలా, ఆశ్రమానికి రావాలా అన్నది శుక్రవారం జిల్లా సంఘం తేల్చాలి. అందులో ఒక విదేశీ సభ్యురాలి కోసం ఇంగ్లీషు కాగితం కావాలన్నారు. మా డైరెక్టర్ మెదెర్ బైకె, అంటే మెదెర్ అన్న, చెప్పినట్టే అపా పిల్లను తెచ్చుకున్నదానికి “అడ్మిటెడ్” అని రాశాను.

సంతకం కోసం వెళ్ళి, దాన్ని అపాకు మా భాషలో చదివి వినిపించాను. “బాలికను నమోదు చేసుకుని వసతి కల్పించడమైనది.”

“వసతా? నేనేమన్నా హోటల్ పెట్టానా అమ్మాయీ?” అంది అపా. “గడప దగ్గర పిల్ల నెత్తిన నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు, మిఠాయి చల్లాను. కోడలొచ్చినప్పుడు చల్లినట్టే! వీధి పిల్లలు ఏరుకుని తిన్నారు. అది రాశావా?”

“రాశాను అపా. విదేశీయులు నవ్వుతారని బైకె కొట్టేశాడు.”

“నువ్వు కొట్టేయనిచ్చావు.”

ఆ సాయంత్రమే మళ్ళీ టైపు చేశాను. “టుక్ హర్ ఇన్”, అంటే ఇంట్లోకి తెచ్చుకుంది, అని రాసి, పక్కనే బోర్సోక్ సంగతీ చేర్చాను.

కాగితం చూసి బైకె మండిపడ్డాడు. “ఇదేం మాట? గొర్రెను దొడ్లోకి తోలినట్టుంది. రిసీవ్డ్ అనైనా రాయకూడదా? నీ చదువంతా ఇంతేనా?”

“రిసీవ్డ్ అంటే పార్సెల్ అందినట్టుంటుంది బైకె. అడ్మిటెడ్ అంటే మన రిజిస్టర్లోకి ఎక్కినట్టు. ఆ పిల్ల మన రిజిస్టర్లో లేదు.”

“శుక్రవారం తర్వాత ఉంటుందిలే. పదకొండు మంచాలు ఖాళీ. పైవాళ్ళు ఊరుకుంటారనుకున్నావా?”

“మంచాలు నింపడానికి ఇంట్లో ఉన్న పిల్లను లాక్కొస్తారా?”

“ముద్ర నా దగ్గరుంది. వెయ్యను. చూద్దాం, నీ కాగితాన్ని ఎవరు చదువుతారో!”

నేనే చదివాను. శుక్రవారం సంఘం ముందు నిలబడి మొత్తం ఇంగ్లీషులో చదివాను. ముద్ర లేని కాగితం చెల్లదని బైకె లేచాడు. విదేశీ సభ్యురాలు చేయెత్తి ఆపి, బోర్సోక్ చల్లింది ఎవరని అడిగింది. ఆ ప్రశ్నను మా భాషలో చెప్పాను.

“నేనే!” అపా కుర్చీలోంచి లేచింది. “కావాలంటే వీళ్ళందర్నీ అడుగు. ఆ మూలనున్నాయన కూడా కోటు అంచు పట్టి ఏరుకున్నాడు.”

మూలనున్నది సంఘం అధ్యక్షుడు. అపా వీధిలోనే ఉంటాడు. ఆయన తల దించుకున్నాడు. ఐజిరెక్ తన కుర్చీని అపా పక్కకు బరబరా లాక్కుంది. పిల్ల అపా దగ్గరే ఉండాలని తీర్మానం రాశారు.

సోమవారం నా బల్ల దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. దానికి బాధ లేదు. కోపమంతా మరొకదానికి. ఆ గదిలో ఏడుగురు మనవాళ్ళున్నారు. పిల్లను ఎవరు తెచ్చుకున్నారో, ఎలా తెచ్చుకున్నారో ఏడుగురికీ తెలుసు. ఒక పరాయి మనిషి ఇంగ్లీషులో అడిగేదాకా ఒక్కరూ నోరు విప్పలేదు.