ముఖం రంగు

"మొఖం ఏ రంగున్నది?"

టీవీ వెనక నుంచి ప్రేమదాసు గొంతు వినిపించినట్టై సువర్తమ్మ ఉలిక్కిపడింది. భర్త పోయి ఎనిమిది నెలలైంది. అయినా చేవెళ్లలోని ఆ రిపేరు దుకాణం షట్టరెత్తితే చాలు, అదే ప్రశ్న. ఇరవై ఏళ్లు ఆయన టీవీ వెనక కూర్చుని స్క్రూలు తిప్పుతుంటే, ఆమె తెర ముందు అద్దం పట్టుకుని నిలబడింది. ఇంట్లో అన్నం మాడినా, కాళ్లు వాచినా. అద్దంలో బొమ్మ కనబడుతున్నా ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే, "ఆమెకేం తెల్సు? అద్దం వట్టుకునేది," అని నవ్వేవాడు.

పొద్దున మరిది ఆనంద్‌కుమార్ ఫోన్ చేశాడు. "వదినా, దుకాణం మడిగె సెల్‌ఫోనోళ్లకు కిరాయికిస్త. ఆ ఉన్న ఒక్క టీవీ వాపస్ పంపు. నీతోని ఎట్లయితది? తాళంచెవికి సాయంత్రమొస్త."

ఆ ఒక్క టీవీ మొయినాబాద్ శకుంతలమ్మది. ఆమె స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"టీవీల అందరు చిలుకల్లెక్క ఆకుపచ్చగున్నరు సువర్తమ్మా! ఇరవై ఏండ్ల కింద గూడ గిదే రోగం. మీ ఆయనేమో రంగు మంచిగనే ఉన్నదన్నడు. దుకాణమంత నవ్విండ్రు, యాదికున్నదా?"

యాదికి ఉంది. ఆ మర్నాడే ఆయన తన చేతికి అద్దమిచ్చాడు.

సువర్తమ్మకు ఏదో తట్టింది. సొరుగులోంచి ఆయన నోటుబుక్కు తీసింది. ఆయన పోయాక చర్చిలో నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదివింది. 'ఎరుపు, పచ్చ నాకు ఒక్క తీరే కనబడ్తయి. సువర్తను అడగాలె. ఎవరికీ తెల్వద్దు.'

ఎవరికీ అంటే తనకు కూడానా? నాకు కనబడదు, నువ్వు చూడు అని ఒక్కమాట అంటే ఏం పోయేది? నోటుబుక్కు మూసి, టీవీ వెనక మూత విప్పింది.

ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబులో కరెంటు దాగి ఉంటుంది. తీగ కట్టిన స్క్రూడ్రైవరుతో ముందు దాన్ని పోగొట్టింది. ఎరుపు రంగును పంపే రెసిస్టరు చచ్చిపోయింది. దాని మీద విలువ తెలిపే రంగుల చారలు చూసి జోడీ వెతకడం ఎప్పుడూ ఆమె పనే. అక్షరాలకంటే ముందు ఆమె చదివినవి ఆ చారలే. కొత్తది పెట్టి అతికించింది.

అప్పుడే ఆనంద్‌కుమార్ లోపలికొచ్చాడు. "తాళంచెవి, వదినా?"

"జర ఇది వట్టుకో." అతని చేతిలో అద్దం పెట్టి, టీవీ వెనక్కి వెళ్లి స్విచ్చేసింది. అద్దంలో ఆమెకు అంతా కనబడుతూనే ఉంది. అయినా అడిగింది.

"మొఖం ఏ రంగున్నది?"

"మనిషి రంగే," అన్నాడతను తెల్లబోయి.

"ఇగ పో. షట్టరు నేనే దించుకుంట."

వెనక మూత లోపల, రిపేరు చేసినవాళ్లు పెన్సిలుతో పేరూ తేదీ రాసే చోట, ఇరవై ఏళ్ల నాటి 'ప్రేమదాసు' ఇంకా ఉంది. ఆమె దాన్ని చెరపలేదు. దాని పక్కనే 'సువర్త' అని చేర్చింది. కింద ఇవాళ్టి తేదీ వేసి, తన ఒక్క పేరే రాసింది.