పెదవులు కలవని అక్షరం

"కాస్త మెల్లగా తోమలేవా? ఇల్లు ఎగిరిపోతోంది. నీకు వినపడదు సరే, మాకు చెవులున్నాయిగా!"

పెళ్ళయిన కొత్తలో, సింకు దగ్గర నా భుజం పట్టి తన వైపు తిప్పుకుని మరీ అత్తగారు అన్న మాట ఇది. గిన్నెకి గిన్నె తగిలితే చప్పుడవుతుందని నాకు తెలుసు, ఎంత చప్పుడో తెలియదు. అందుకని వేళ్ళతో వినడం నేర్చుకున్నాను. స్టీలు అంచు అదిరితే గట్టి చప్పుడు, అదరకపోతే ఫరవాలేదు. తలుపులు, బీరువా, కుర్చీ కాళ్ళు, నా నడక, చివరికి నా నవ్వు, అన్నిటినీ అలాగే అదుపులో పెట్టుకున్నాను. ఆ ఇంట్లో చప్పుడంటే అందరికంటే ఎక్కువ భయపడేది వినపడని నేనే. ఇక సైగల సంగతి. సైగల్లో నువ్వు, మీరు అని తేడా ఉండదు, ఎదుటి మనిషి వైపు వేలు చూపిస్తే సరిపోతుంది. "పెద్దంతరం చిన్నంతరం లేకుండా నాకే వేలు చూపిస్తోంది" అని ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదని నాకు తెలియడానికి కూడా రెండు రోజులు పట్టింది.

చిన్నప్పుడు, మాటలొచ్చాక, జ్వరమొచ్చి నా వినికిడి పోయింది. బట్టలు కుట్టి నన్ను పెంచిన అమ్మ, బధిరుల బడిలో చేర్చింది. అక్కడ నాటకాలు నేర్పే టీచరుకీ వినపడదు. ఆవిడ చేతుల్లో నేను రాణినయ్యాను, దొంగనయ్యాను, ఒకసారి వాననయ్యాను. స్టేజీ మీద నేను కానిది లేదు. సినిమాల్లోకి వచ్చాక మాత్రం ఒక్కటే అయ్యాను. మొదటి సినిమాలో హీరోగారి మూగ చెల్లెల్ని, ఇంటర్వెల్ ముందు చచ్చిపోయాను. హాల్లో అందరూ ఏడ్చారట. తర్వాతి సినిమాలో హత్య చూసిన మూగపిల్లని, ఇంటర్వెల్ దాకా కూడా బతకలేదు. ఆ తర్వాతవీ అంతే. యూనిట్లో అందరూ నన్ను మ్యూట్ మేడమ్ అనేవారు, ప్రేమగానే.

నా భర్త ఆ మొదటి సినిమాకి అసిస్టెంట్ డైరెక్టరు. యాక్షన్ అని అరిస్తే నాకు వినపడదు కాబట్టి కెమెరా పక్కన నిలబడి రుమాలు దించేవాడు. భోజనం విరామాల్లో నా దగ్గర సైగలు నేర్చుకున్నాడు. ఒకరోజు 'అన్నం తిన్నావా' అని అడగబోయి 'అన్నాన్ని పెళ్ళి చేసుకున్నావా' అని అడిగాడు. పగలబడి నవ్వాను. యూనిట్ అంతా తిరిగి చూసింది. అతను మాత్రం నా నవ్వు బాగుందన్నాడు. అంత మాట అన్న మనిషిని చేసుకోకుండా ఎలా ఉంటాను?

పెళ్ళయ్యాక అతని చేతులు మెల్లమెల్లగా దిగిపోయాయి. "రోజంతా సెట్లో చేతులూపి వస్తున్నా. ఇంటికొచ్చి కూడానా? పెదాలు చూస్తే తెలిసిపోతుందిగా నీకు." తెలిసిపోదు. పెదవుల మీద మాట సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఊహించుకోవాలి. మీసం అడ్డమొస్తుంది, నోట్లో ముద్ద అడ్డమొస్తుంది, మాట మధ్యలో తల తిప్పుకుంటారు. భోజనాల దగ్గర అందరూ ఒక్కసారిగా నవ్వుతారు. ఏంటని అడిగితే "తర్వాత చెప్తాలే" అంటారు. ఆ తర్వాత అనేది ఇంతవరకు రాలేదు. సాయంత్రానికి కళ్ళ వెనక నరాలు లాగేస్తాయి. వంట చేశానని, బట్టలు ఉతికానని ఎప్పుడో ఒకప్పుడు ఎవరైనా ఒప్పుకుంటారేమో కానీ, వాళ్ళ మాటల్ని వాళ్ళ మొహాల మీంచి ఏరుకోవడం కూడా పనేనని ఎవరికీ తట్టదు.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద దర్శకుడు నన్ను పిలిపించాడు. కథ ఒక చెవిటి తల్లిది. బిడ్డ ఏడిస్తే వినపడని మనిషి ఎలా పెంచుతుందని అత్తవారు బిడ్డని లాక్కుంటారు, ఆమె కోర్టుకెళ్తుంది. ఆ తల్లి కథ చివరిదాకా బతికే ఉంటుంది. ముందు అది చూసుకున్నాను. జడ్జి ముందు నిలబడే సీను చేసి చూపించమన్నారు. చేస్తూ చేస్తూ కాగితంలో లేని మాట ఒకటి కలిపాను: 'పాప ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకుంటాను. ఏడుపు ముందు అక్కడ పుడుతుంది. నోటిదాకా వచ్చేలోపే నా అరచేతికి తెలిసిపోతుంది.' దర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫోన్ చేస్తామన్నాడు. నాకు ఫోన్ చెయ్యడమంటే నా భర్తకి చెయ్యడమే.

కొన్నాళ్ళకి అతను నవ్వుతూ ఇంటికొచ్చాడు. "నిన్ను తీసుకున్నారు!" పొయ్యి కట్టేసి దగ్గరికి వెళ్ళాను. "హీరోయిన్‌కి సైగలు నేర్పడానికి. నన్ను కో-డైరెక్టర్‌గా తీసుకున్నారు." హీరోయిన్ పేరున్న మనిషి, చక్కగా వినపడే మనిషి. నా మొహం చూసి, "అంత పెద్ద సినిమాకి నిన్నెలా పెట్టుకుంటారే? పిచ్చిదానా" అని తల నిమిరాడు. "పోయిందేముంది, వెళ్ళు. పొద్దున వంట చేసేసి వెళ్తే సరిపోతుంది" అన్నారు అత్తగారు.

వెళ్ళాను. హీరోయిన్ మంచి పిల్ల. ఆమెని తిట్టుకుందామన్నా కుదరలేదు. కారవాన్‌లో నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, మొహం వెలుతురులో పెట్టి నిదానంగా మాట్లాడేది. ఒకరోజు అంది, "మీరు చెయ్యనన్నారంట కదక్కా. అందుకే నాకొచ్చింది. లేకపోతే మీ ముందు నేనెంత?"

చెయ్యమన్నారంట అనుకున్నాను. ఆమెని చెయ్యమన్నారు, ఆమె చేస్తోంది. కానీ మిగతా మాటలు దానికి అతకలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. మ అనాలంటే పెదవులు కలవాలి. న అనడానికి అక్కర్లేదు. మూడోసారి కూడా చెప్పించుకున్నాను.

పెదవులు కలవలేదు.

ఆ సాయంత్రం గది తలుపు వేసి, నా గొంతుతోనే అడిగాను, "నేను చెయ్యనన్నానా?"

అతను ముందు తలుపు వైపు చూశాడు, బయట వాళ్ళమ్మకి వినపడిందేమోనని. తర్వాత అరచెయ్యి కిందికి దించాడు. మెల్లగా, అని. నేను నేర్పిన సైగలన్నిటిలో అతనికి మిగిలింది అదొక్కటే.

"డైరెక్టరు నువ్వే కావాలని మొండికేశాడు. నువ్వయితే పెట్టుబడి పెట్టేవాళ్ళు వెనక్కి పోతామన్నారు. సినిమా ఆగిపోయేది. వాళ్ళు నిన్ను కాదనడం కంటే నువ్వే వద్దన్నావంటే గౌరవంగా ఉంటుందని..." తల తిప్పుకున్నాడు. గడ్డం పట్టి నా వైపు తిప్పుకున్నాను. "...నాకు కో-డైరెక్టర్ అవ్వడానికి ఎంత కాలం పట్టిందో నీకు తెలీదా? అయినా నెలల తరబడి నువ్వు షూటింగుల్లో ఉంటే అమ్మని ఎవరు చూస్తారు?" ఆ నోటి మీద ఒక్క అక్షరం కూడా నేను ఊహించుకోవలసిన అవసరం రాలేదు. అంత స్పష్టంగా అతను నాతో మాట్లాడి చాలా కాలమైంది.

మర్నాడు దర్శకుడి దగ్గరికి వెళ్ళి, నేను వద్దనలేదని ఫోన్లో టైపు చేసి చూపించాను. ఆయన అది రెండుసార్లు చదివాడు. "సగం సినిమా అయిపోయిందమ్మా. ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు. నిజమే, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

పని మానేద్దామనుకున్నాను. కానీ ఆ చేతులు ప్రతి ఊళ్ళోనూ తెర మీద కనిపిస్తాయి. తప్పు సైగలు చేస్తే వినపడని మావాళ్ళు నవ్వుకుంటారు, తర్వాత బాధపడతారు. చివరి రోజు దాకా నేర్పాను. అరచేతి మాట కూడా నేర్పాను. ఆ సీను తీసిన రోజు సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సినిమాకి నా బడి స్నేహితురాలితో కలిసి వెళ్ళాను. మొదట్లోనే కృతజ్ఞతలు చెప్పుకునే చోట, కార్లు అద్దెకిచ్చిన వాళ్ళ కింద నా పేరు వచ్చి పోయింది. కోర్టు సీను వచ్చినప్పుడు ముందు వరసల్లో జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. స్నేహితురాలు తెర వైపు చూస్తూనే నా మోచెయ్యి గిల్లింది. 'చేతులు నీవే. నీ యాస నాకు తెలియదా? ముఖమే ఎవరిదో' అంది. చీకట్లో ఆమె చేతులు తెర వెలుగుకి కనిపిస్తూ, పోతూ ఉన్నాయి.

సినిమా బాగా ఆడింది. ఒక పొద్దున నేను కూరగాయలు తరుగుతుంటే నా భర్త వంటింట్లోకి వచ్చి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అలవాటుగా తలెత్తాను. పెదవులు కదులుతున్నాయి. కొత్త సినిమా, చెల్లెలి వేషం అన్నంతవరకు అందింది. అక్కడ నా చూపు కిందికి దించి, అతని చేతుల మీద ఉంచాను. ఒక చేతిలో ఫోనుంది, రెండోది జేబులో ఉంది. అవి కదల్లేదు. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చిన్నపిల్లలకి చెప్పినంత నిదానంగా సైగ చేశాను: 'నాతో మాట్లాడాలంటే చేతులతో మాట్లాడాలి. పెదవులు చూడటం నేను మానేశాను.'

అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. జవాబు చెప్పే ఉంటాడు. నేను చూడలేదు.

చాలా నెలలైంది. ఆ ఇంట్లో నాతో మాట్లాడటానికి ఇంకా ఎవరి చేతులూ లేవలేదు.